కెర్కినీ దారి అడిగితే

ముందు కూర్చో. చేతులు పొయ్యి దగ్గర పెట్టు.
ఆ మూడుకాళ్ళ దుర్భిణిని తలుపుకి అడ్డంగా నిలబెట్టకు,
ఏడింటి రైలు దిగినవాళ్ళు లోపలికి రావాలి.
కాఫీ పొంగేలోగా చెబుతాను
ఏ గట్టు మీద ఏం కనిపిస్తుందో.

లిథోటోపోస్ ఆనకట్ట దగ్గర మొదలుపెట్టు.
తూర్పు గట్టు మీద కారు నెమ్మదిగా పోనివ్వు,
దిగకు.
కారంటే వాటికి భయం లేదు,
రెండుకాళ్ళ మనిషంటేనే.
సగం మునిగిన చెట్ల మీద
చిన్న నీటికాకులు రెక్కలు ఆరేసుకుంటాయి,
వాన వెలిసిన పూట మా వీధి దండేల మీద
నల్లకోట్లలా.

మాండ్రాకి రేవులో స్తెర్యోస్ ఉంటాడు.
స్మారో పంపిందని చెప్పు.
పడవకి డబ్బు తీసుకుంటాడు, మాటలకి తీసుకోడు,
అందుకే మాటలే ఎక్కువ.
వాళ్ళ నాన్న గూడబాతుల్ని తెడ్డుతో తరిమేవాడు,
నా చేపలు మింగి నా ముందే తేన్చుతాయని.
ఇప్పుడు కొడుకు బకెట్ తీస్తే చాలు
అప్పులవాళ్ళలా పడవ వెంట పడతాయి.
జనవరి చివర్లో వచ్చావు, నీ అదృష్టం:
ముక్కు కింద సంచి పండుమిరప రంగుకి తిరుగుతుంది,
మెడ వెనక ఈకలేమో
నిద్రలేచిన పిల్లాడి జుట్టు.
ఒకటి నీ పక్కన రెక్క విప్పిందంటే
అవతలి ఒడ్డు కనిపించదు.

రాజహంసల కోసం వెతక్కు,
బూడిద నీళ్ళ మీద ఎర్రసిరా ఒలికినట్టు
వాటంతటవే దొరుకుతాయి.
తెల్లతోక గద్ద కావాలంటే
స్టేషన్ వెనక పాప్లర్ చెట్లు చూడు.
అన్నిటికన్నా ఎత్తయిన కొమ్మ మీద కూర్చుని
పొద్దంతా ఏమీ చెయ్యదు,
మా ఆయన ఉద్యోగం మానేశాక ఉన్నట్టు.

లాంబ్రోస్ గేదెలు పడమటి బురదలోకి దిగినప్పుడు
వాటి వెనక నడు, ముందు కాదు.
తొక్కిన గుంటల్లో ఉల్లంకి పిట్టలు నక్కి ఉంటాయి,
పాదం పడబోయేదాకా కదలవు,
లేచాక గుండె నీది ఆగుతుంది.
చీకటి పడితే రెల్లులో నక్కలు ఏడుస్తాయి.
మొదటిసారి విన్నవాళ్ళు
పసిపిల్ల తప్పిపోయిందని నాకు ఫోన్ చేస్తారు.

ఇక,
నీ పుస్తకంలో ఆ పెద్దబాతు బొమ్మ కింద
పెన్సిల్ గీత చూశాను.
తెల్ల నొసలు, కంటి చుట్టూ పసుపు ఉంగరం.
ఎక్కడి మంచునుంచో ఎగిరి వస్తాయి,
ఈ లోకంలో మిగిలినవే కొన్ని.
పొద్దున్నే ఏ చేలో మేస్తాయో నాకు తెలుసు.
చెప్పను.

పన్నెండు శీతాకాలాల కిందట
నువ్వు కూర్చున్న కుర్చీలోనే ఒకాయన.
మెడలో దుర్భిణి, మెత్తని మాట,
తాగిన కప్పు తనే తెచ్చి తొట్టిలో పెట్టాడు.
కాగితం రుమాలు మీద దారి గీసి ఇచ్చాను,
వంతెన, ఎండిన మొక్కజొన్న, మూడో కాలువ.
మర్నాడు గిన్నెలు తోముతుంటే
రెండు చప్పుళ్ళు.
తర్వాత, గుంపంతా ఒక్కసారి లేచిన చప్పుడు.
మా పెరటి మీంచే వెళ్ళాయి.
చేతిలో సబ్బుతో తలెత్తి లెక్కపెట్టాను,
తప్పేమోనని మళ్ళీ పెట్టాను.
రెండు తక్కువ.
ఆ ఏడు మళ్ళీ దిగలేదు.

నువ్వు అలాంటివాడివి కావు, తెలుసు.
అతన్ని చూసినప్పుడూ ఇలాగే తెలుసు.

ఇదిగో కాఫీ.
అడుగున మడ్డి ఉంటుంది, చివరిదాకా తాగకు.
బెలేస్ కొండ మీంచి మబ్బు దిగుతోంది,
త్వరగా బయల్దేరు.
గట్టు దగ్గర తాడు దాటాక మళ్ళీ కట్టు,
లేకపోతే గేదెలు రోడ్డెక్కుతాయి.
సాయంత్రం వచ్చి ఏం చూశావో చెప్పు.
ఎక్కడ చూశావో మాత్రం వద్దు,
ఈ గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు
కాఫీ తాగుతూనే ఉంటారు.